తొమ్మిదో గీత

పొయ్యి పక్క గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసే పని ఇప్పుడు లేదు. ఆయన ఉన్నన్నాళ్లూ పొద్దున టిఫిను డబ్బా చేతికిస్తూ, "ఈరోజెన్నండీ?" అని అడిగేదాన్ని. క్వారీలో బెజ్జాల్లో మందు కూరి బండ పేల్చే పని ఆయనది. ఎన్ని బెజ్జాలంటే అన్ని గీతలు. మధ్యాహ్నం ఒక్కో మోతకీ ఒక్కో గీత కొట్టేసేదాన్ని. అన్నీ అయ్యాకే నాకు ముద్ద దిగేది. సాయంత్రం ఆయన గడప దాటి లోపలికొచ్చాకే గోడ తుడిచేదాన్ని.

"మా ఆఫీసు పుస్తకం కంటే నీ గోడే నయమే," అని నవ్వేవారు.

ఇరవై రెండేళ్లలో ఆయన చేతి కింద ఎవరికీ గోరంత గాయం కాలేదు. బెజ్జం పేలకపోతే పక్కన ఎర్రగుడ్డ రాయి కింద పెట్టి, మర్నాడు తనే చూసుకునేవారు.

ఆఖరి రోజు తొమ్మిదన్నారు. ఎనిమిదే వినపడ్డాయి. ఇంటికొచ్చి, "ఒకటి మొరాయించిందే. పొద్దున్నే మేస్త్రికి చెప్పి చూస్తా," అన్నారు. ఒక గీత మిగిలిందని ఆ సాయంత్రం గోడ తుడవలేదు. తెల్లారేసరికి నిద్రలోనే పోయారు. ఆ ఏడుపులో నాకు గీత గుర్తే లేదు. గుర్తొచ్చేసరికి క్వారీ మూసేశారు. తాళం పడిందిగా, ఇంకెవరెళ్తారులే అని ఊరుకున్నాను. అది నా తప్పే.

మూడేళ్లకి మేస్త్రి వచ్చాడు. "మన క్వారీ గోతికి మంచి రోజులొచ్చాయి చెల్లెమ్మా! పార్కు చేస్తున్నారు. చూపు లేనివాళ్లు కూడా వచ్చి బండ తడిమి చూస్తారట, ఆకులు వాసన చూస్తారట, నీళ్ల చప్పుడు వింటారట. పట్టుకు నడవడానికి బండ పొడుగునా ఇనప కడ్డీ. సోమవారం డ్రిల్లు పెడతాం."

నా చూపు గోడ మీద మిగిలిన తొమ్మిదో గీత మీద పడింది. చెబితే ఆయన పేరు పోతుంది. చెప్పకపోతే డ్రిల్లు పట్టుకున్నవాడి ప్రాణం పోతుంది. రెండు రోజులు తిండి సయించలేదు. ఆదివారం వాళ్లింటికెళ్లి చెప్పేశాను.

"వంటింట్లోంచి లెక్కేశావా? కుక్కరు కూత కూడా కలిపేసుంటావు!"

"కలిపితే ఎక్కువ రావాలి కదా అన్నయ్యా. నాకు తక్కువొచ్చింది."

అతని నవ్వు ఆగిపోయింది.

సాయంత్రానికి పార్కు ఇంజనీరమ్మని తీసుకొచ్చాడు. ఆవిడ మా గోడ కేసి చాలాసేపు చూసి, పని ఆపించింది. ఐదు రోజులు వెతికారు. ఐదు రోజులూ నేను కూర మాడుస్తూనే ఉన్నాను.

ఆరో రోజు మేస్త్రి గుమ్మంలోనే నిలబడ్డాడు. "దొరికింది చెల్లెమ్మా. పొదల్లో, రాయి కింద ఎర్రగుడ్డ. రంగు వెలిసింది కానీ కదల్లేదు. కడ్డీకి మేం పెట్టిన గుర్తు జానెడు దూరంలో ఉంది." కళ్లు తుడుచుకున్నాడు. "వాడు వాడి పని చేసే వెళ్లాడు. రేపు పదకొండింటికి పేల్చేస్తారు. భయపడకు."

మర్నాడు పది నుంచీ పొయ్యి దగ్గరే నిలబడ్డాను. మోత వచ్చింది. గిన్నెలు కదిలాయి. తొమ్మిదో గీత కొట్టేశాను.

అలవాటు కొద్దీ గుడ్డ తడిపాను. తుడిచేది ఆయన లోపలికొచ్చాక కదా. గుడ్డ పిండి తీగ మీద ఆరేశాను.