ఆడవాళ్ళ గేటు కాడ కిష్టమ్మ

“...నీ మనుమరాలేమో లోపల కాళ్ళు సాపుకొని కూసోవాలె, నా పిలగాడు పోతె మాత్రం తప్పయితదా? ఇదేం న్యాయమే?”

కిష్టమ్మ టాకీసులో ఆడవాళ్ళ గేటుకు అడ్డంగా పెట్టిన చెయ్యి తీయలేదు. ఎదురుగా నిలబడ్డ ఎంకమ్మ తిమ్మాజిపేట దిక్కు ఊరి నుంచి నాగర్‌కర్నూల్ సంతకు వచ్చింది. సంత పని అయిపోయాక ఇటు మళ్ళింది. చంకలో నాలుగేళ్ళ కొడుకు కురుమూర్తి, చేతిలో నలిగిన టికెట్టు.

“బోర్డున్నది సూడరాదు?” అంది కిష్టమ్మ.

“నాకు సదువొస్తె గీ ఎండల నీతోని ఎందుకు కొట్లాడ్త? నువ్వే సదువు.”

కిష్టమ్మకూ చదువు రాదు. ఎర్ర రంగుతో రాసిన ఆ మాట ‘పెద్దలకు మాత్రమే’ అని మేనేజరు చెబితే తెలుసు. పోస్టరు మీద సున్నాలో ఇంగ్లీషు మొదటి అక్షరం ఉంటే పిల్లలను ఆపాలనీ తెలుసు. ఆపమన్న రోజు ఆపి, మిగతా రోజులు చూడనట్టు ఉండాలని ఇంకా బాగా తెలుసు.

“పెద్దోల్ల సినిమా అంట.”

“గలీజుదా?”

“గలీజుది గాదు. నరుకుడు.”

“నరుకుడేనా!” ఎంకమ్మ నవ్వింది. “గలీజుదైతె నేనే రాకపోదు. నరుకుడు సూస్తె పిల్లలకేమైతది? యాటను కోస్తుంటె సూస్తలేరా?”

అందులో కిష్టమ్మకు తప్పేమీ కనబడలేదు. తలుపు తెర తొలగించి లోపలికి తొంగి చూసినప్పుడల్లా ఆమె చూసేది అదే. పాటలో వాన మొదలై హీరోయిన్ చీర తడవగానే, ఆడవాళ్ళ వరసల్లో కొంగులన్నీ ఒక్కసారి పిల్లల మొహాల మీదికి పోయేవి. కత్తులు బయటికి రాగానే కొంగులు దిగేవి. కొడుకు శేఖర్ చిన్నగా ఉన్నప్పుడు తనూ అట్లాగే కప్పింది, అట్లాగే దించింది.

పొద్దున మేనేజరు రాఘవేందర్ పిలిచి చెప్పాడు. “కిష్టమ్మా, ఇయ్యాల చెకింగుకు వస్తరంట. ఆడోల్ల దిక్కు ఒక్క పిలగాడు గూడ కనవడొద్దు. ఇయ్యాల ఒక్క దినమే.”

“మరి నా పిల్ల?”

“మూలకు కూసోవెట్టు. దాన్ని ఎవలు సూస్తరు?”

ఆ పిల్ల అర్చన. ఐదేళ్ళు. కొడుకు శేఖర్, కోడలు పోయిన దసరా కాగానే పూణేకు బిల్డింగుల పనికి పోయారు. అంగన్‌వాడీ మధ్యాహ్నమే మూస్తారు. అప్పటి నుంచి ఆరు గంటల మొదటి ఆట విడిచేదాకా అర్చన ఉండేది ఆడవాళ్ళ తలుపు పక్కన చివరి కుర్చీలోనే. పైన ఫ్యాను తిరుగుతుంది. రోడ్డు మీదికి ఉరకదు. ఇంతకంటే భద్రమైన చోటు కిష్టమ్మకు ఇంకోటి దొరకలేదు.

ఆమె ఈ గేటుకు వచ్చి పందొమ్మిదేళ్ళు. మొగుడు దేవదాసు ఈ టాకీసుకే పోస్టర్లు అంటించేవాడు. కామెర్లతో పోయాడు. ఆ తర్వాత కూలికి పోతుంటే, ఒకనాడు పత్తి మూటతో గట్టు మీద నుంచి జారి పడింది. నడుము మళ్ళీ నిలువుగా రాలేదు. దేవదాసు మొహం చూసి పాత ఓనరు ఆమెను ఈ స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఆదివారం ప్రార్థనకు పోతే పాస్టరమ్మ సినిమాలు పాపమంటుంది గాని, గేటు గురించి ఎన్నడూ ఒక్క మాట అనలేదు.

ఇన్నేళ్ళలో కిష్టమ్మ ఒక్క సినిమా కూడా మొదటి నుంచి చివరిదాకా చూడలేదు. తలుపు తెరకు ఇవతల కూర్చుంటే సినిమా అంటే చప్పుడే. ఈ సినిమా మూడో వారం ఆడుతోంది. లోపల ఒక ముసలాయన రెండోసారి అరిచాడంటే ఇంటర్వెల్ దగ్గర పడ్డట్టు. అప్పుడు మోకాళ్ళు పట్టుకొని లేచి గొళ్ళెం తీయాలి. ఆమెకు ఆ అరుపు బడి గంట లాంటిది.

ఎంకమ్మ పోలేదు. మెట్టు మీద కూలబడి, మూట విప్పి, రొట్టె తుంచి కొడుక్కు పెట్టింది. కొంచెం కిష్టమ్మ చేతిలోనూ పెట్టింది.

“రెండెకరాలు కౌలుకు వట్టినం. పత్తి పలిగి నేల రాల్తుంది. ఏరనీకె మనుషులు దొర్కుతలేరు. ఇంట్ల మామ మంచంల వడ్డడు. యాడాదికి ఒక్క సినిమా సూద్దమంటె గిట్లాయె.”

లోపల పేర్లు పడుతున్న మ్యూజిక్ మొదలయింది. ఎంకమ్మ తల అటు తిరిగింది.

కిష్టమ్మకు ఆ మొహం చూడబుద్ధి కాలేదు. “పో. సూసి రా. పిలగాడు నా కాడ ఉంటడు.”

“ఏడ్వడా?”

“నా పిల్ల ఆడిపిస్తది. అది ఈ సినిమ ఎన్నిసార్లు సూసిందో. అర్చనా, జర ఇటు రా!”

అర్చన ఎగురుకుంటూ వచ్చింది. కురుమూర్తి చెయ్యి పట్టుకొని సైకిల్ స్టాండు నీడకు తీసుకుపోయింది. ఎంకమ్మ మూట అక్కడే వదిలేసి గబగబా లోపలికి పోయింది.

చెకింగుకు ఎవరూ రాలేదు. ముసలాయన రెండోసారి అరిచాడు. కిష్టమ్మ లేచి గొళ్ళెం తీసింది. ఎంకమ్మ వచ్చి కొడుకును చూసి, నీళ్ళు తాగించి, మళ్ళీ పోయింది. గేటు వేసి కిష్టమ్మ గోడకు ఒరిగింది. రెప్పలు పడ్డాయి.

“ఏడ్వొద్దు. నువ్వు సచ్చినవ్. సచ్చినోడు ఏడ్వొద్దు.”

అర్చన గొంతు అది. కోపంగా లేదు. బుజ్జగిస్తున్నట్టు ఉంది.

కిష్టమ్మ కళ్ళు తెరిచింది. స్టాండు కింద కురుమూర్తి వెల్లకిలా పడి ఉన్నాడు. చెవి పైన తెగి రక్తం మెడ మీదికి కారుతోంది. వాడు ఏడుస్తున్నాడు. పక్కన అర్చన సోడా బండి దగ్గర దొరికిన రేకు ముక్క పట్టుకొని నిలబడింది.

“ఏం జేసినవే!”

“ఏం గాలే అవ్వా. ఆరు గంటల ఆటకు లేస్తడు.”

కిష్టమ్మ నడుము సంగతి మరిచి ఉరికింది. పిలగాన్ని ఎత్తుకొని, లోపలున్న ఎంకమ్మను కేకేసింది.

దవాఖానలో మూడు కుట్లు పడ్డాయి. కుట్లు వేస్తుంటే పిలగాని కాళ్ళు కిష్టమ్మ పట్టుకుంది, తల ఎంకమ్మ పట్టుకుంది. ఎంకమ్మ తిట్టలేదు. తిడితే బాగుండునని కిష్టమ్మకు అనిపించింది. అంతా అయ్యాక బయట బెంచీ మీద కూర్చొని, కొడుకు చెవి మీది పట్టీ సర్ది ఎంకమ్మ ఒకటే మాట అంది.

“లోపలుంటె నా ఒళ్ళెనన్న ఉండేటోడు.”

కిష్టమ్మ తల వంచుకుంది. “మీ చేన్ల ఇంక ఎన్ని దినాలది ఏరుడు?” అని అడిగింది.

“మనుషులుంటె పదిహేను దినాలు. లేకుంటె రాలిందంత మట్టిలనే. ఎందుకు?”

“వంగితె నాకు నడుము వట్టుకుంటది. కూసోని ఏరుత.”

ఎంకమ్మ ఆమెను పైకీ కిందికీ చూసింది. “ఆటో ఆరున్నరకు,” అని మాత్రం అంది.

టాకీసు చేరేసరికి మ్యాట్నీ విడిచింది. కిష్టమ్మ స్టూలు మీద కూర్చొని అర్చనను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుంది. కొడదామని ఎత్తిన చెయ్యి దానంతట అదే దిగిపోయింది.

“ఎవలు నేర్పిండ్రే నీకు?”

“సినిమల గట్లనే గదా అవ్వా.” అర్చన ఉత్సాహంగా మొదలుపెట్టింది. “మొదలు ముసలి తాత ఒక్కసారి అరుస్తడు. అప్పుడు చెయ్యి వోతది. చెయ్యి మట్టిల వడి గిట్ల గిట్ల అంటది.” వేళ్ళు ఆడించి చూపింది. “రెండోసారి అరుస్తడు. అప్పుడు ఈడ కొడ్తరు.” చెవి పైన వేలు పెట్టుకుంది. “ఇగ సప్పుడు జెయ్యడు. తాత మనుమరాలు తలుపు సందులకెల్లి సూస్తుంటది. అప్పుడు లైట్లేస్తరు. నువ్వు గొళ్ళెం తీస్తవ్.”

కిష్టమ్మ పిల్ల చెవి మీది వేలు తీసింది.

“తాత సచ్చిపోయిండు గదనే.”

“మల్ల ఆటకు లేస్తడు. దినాం లేస్తడు.”

“మీ తాత దేవదాసు లేసిండా?” అనబోయి కిష్టమ్మ ఆగింది. పిల్ల నుదుటి మీది చెమట కొంగుతో తుడిచింది.

మొదటి ఆట గంట కొట్టారు. ఆడవాళ్ళ వరస రోడ్డుదాకా ఉంది. చంకల్లో పిల్లలు, కొంగు పట్టుకొని పిల్లలు. రాఘవేందర్ సెల్‌ఫోన్ జేబులో వేసుకుంటూ వచ్చాడు.

“చెకింగోల్లు రారంట కిష్టమ్మా. ఇగ అందర్ని ఇడ్వు.”

కిష్టమ్మ గేటు తీయలేదు. ఎప్పటిలాగే ఆమె చెయ్యి కింద నుంచి దూరబోయిన అర్చనను భుజం పట్టి ఆపింది.

“అవ్వా, నా కుర్చీ వోతది!”

“పోనీ.”

“ఏమైందే? ఆట సురువయితుంది,” అన్నాడు రాఘవేందర్. వరసలో ఎవరో “తియ్యరాదే ముసలిదానా” అని కసిరారు. రోడ్డుకు అవతల ఆటో దగ్గర పట్టీ కట్టిన పిలగానితో ఎంకమ్మ నిలబడి ఇటే చూస్తోంది.

కిష్టమ్మ బొడ్డులో దోపిన గేటు తాళం తీసి మేనేజరు చేతిలో పెట్టింది.

“ఈ గేటుకు ఇంకెవల్నన్న సూసుకోండ్రి సారు. నేను పిల్లను తీస్కొని తిమ్మాజిపేట పోతున్న, పత్తి ఏరనీకె.”