ఓరిన్ రాసిన చీటీలు

మా ఆయన ఓరిన్ మినెసోటాలో ముప్పై ఏళ్లు స్కూల్ బస్సు నడిపాడు. ఊరు అతన్ని గుర్తుపెట్టుకున్నది మాత్రం పాత పిల్లల పుస్తకాల వల్ల. లైట్‌హౌస్ అక్కచెల్లెళ్ల సిరీస్‌లో ఏ పుస్తకం చేతికిచ్చినా అది ఏ ఏడు అచ్చయిందో చెప్పేవాడు. మొదటి పేజీలో వేసే సంవత్సరాన్ని నమ్మేవాడు కాదు. ఇరవయ్యేళ్ల తర్వాత వేసిన ప్రతిలోనూ అదే సంవత్సరం ఉంటుంది. చివరి పేజీ తిప్పేవాడు. అక్కడ సిరీస్‌లోని పుస్తకాల పేర్లన్నీ వేస్తారు, కొత్తది వచ్చినప్పుడల్లా ఒక పేరు చేరుతుంది. ఆఖరి పేరు తెలిస్తే ఏడాది తెలిసినట్టే. అట్ట పైన తొడిగిన కాగితం జాకెట్ మీద కూడా అవే పేర్లు ఉంటాయి. రెండూ కలవాలి.

చూసిన ప్రతిదానికీ చీటీ మీద పుస్తకం పేరు, ఎన్నో ముద్రణో, ఏడాది రాసి, సంతకం పెట్టి ఊరికే ఇచ్చేవాడు. మొదటి ముద్రణకు ధర ఎక్కువ, అతని చీటీ ఉంటే కొనేవాళ్లు నమ్మేవాళ్లు. చివరి రెండేళ్లు చూపు ఆనక, ఆరో తరగతితో బడి మానేసిన నా చేత పేర్లు చదివించుకున్నాడు. "ఆగు అల్మా, దీవి కథ తర్వాత ఏముంది?" అనేవాడు. ఏమీ లేదంటే అది మొదటి ముద్రణే, ఆ రోజంతా హుషారే.

అతను పోయిన ఆర్నెల్లకు, ఇంట్లో ఉండలేక, సంత మైదానం హాల్లో పాత పుస్తకాల అమ్మకానికి వెళ్లాను. పాత పుస్తకాలు కొని అమ్మే లూథర్ బ్రాకెట్ బల్ల దగ్గర బూటు పాలిష్ వాసన కొట్టింది. వెలిసిన అట్టల అంచులకు అదే పూస్తాడు. వేలు నాకి పేజీలు తిప్పుతాడు. మా వంటింట్లో కూర్చుని నేను వండింది ఎన్నిసార్లు తిన్నాడో ఈ మనిషి.

ఒక స్కూలు టీచరమ్మ అతని బల్ల మీది పుస్తకం పట్టుకుని ఉంది. లోపల ఓరిన్ చీటీ: మొదటి ముద్రణ, 1931. అతని చేతిరాతే. జాకెట్ మీద మూడు పేర్లున్నాయి. అలవాటు కొద్దీ చివరి పేజీ తిప్పాను. పదకొండు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అచ్చయిన పుస్తకం అది. జాకెట్ ఒకదానిది, చీటీ ఇంకొకదానిది.

"లూథర్, ఈ చీటీ దీనిది కాదు," అన్నాను.

"పేరు అదేగా ఉంది. మీ ఆయన రాత మీకే ఆనట్లేదా ఏంటమ్మా?"

టీచరమ్మ నా వైపు చూసి, మెల్లగా, "మీ ఆయన పొరబడ్డారేమో, పాపం పెద్దాయన," అంది.

పొరబడలేదన్నాను. ఆమె వేలు పట్టుకుని ఒక్కో పేరు మీద పెట్టి పదకొండూ లెక్కపెట్టించాను. జాకెట్ మీది మూడూ చూపించాను. ఆమె పుస్తకం బల్ల మీద పెట్టేసి, వేళ్లు కోటుకు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

చీటీ తీసుకున్నాను. లూథర్ అడ్డు రాలేదు.

"దాచుకోండి. ఇంకా బోలెడున్నాయి నా దగ్గర. మీ ఆయన లేచొచ్చి కాదంటాడా?"

చచ్చినవాళ్ల ఇళ్లలో పుస్తకాలు కొన్నప్పుడల్లా వాటిలో ఉన్న చీటీలు ఏరి పెట్టుకున్నాడన్నమాట. పీనుగు జేబులు వెతికినట్టు.

అతని కుర్చీయే లాక్కుని కూర్చుని, బల్ల మీదివన్నీ ఒక్కొక్కటే తెరిచాను. జనం చూస్తున్నారని అతను పక్కకు తప్పుకున్నాడు. ఇంకో తొమ్మిది చీటీలు దొరికాయి. ఏడు తీసేశాను. రెండు మాత్రం సరైన పుస్తకాల్లోనే ఉన్నాయి. అతని బల్ల మీద వదలడానికి చెయ్యి రాలేదు. అయినా ఓరిన్ రాసింది నిజమే కాబట్టి ఉన్నచోటే ఉంచి లేచాను.