పట్టిసీమ దాకా ఒక శాలువా

కార్తీకమాసం రెండో సోమవారం తెల్లవారుజామున నన్ను యాత్రకు సాగనంపడానికి భీమవరం సగం కదిలివచ్చింది. అంటే, మా ఆవిడ వచ్చింది. అదీ వీధి గుమ్మం దాకానే. "ఆ శాలువా ఇచ్చేసి రండి. ఇవ్వకుండా మాత్రం రాకండి" అని తలుపు వేసేసుకుంది.

శాలువా సంగతి ముందే చెప్పేస్తాను. మా వైపు తల్లులు పిల్లల కోసం పట్టిసీమ వీరభద్రస్వామికి మొక్కుకుని, పుట్టినవాడికి ఆ పేరే పెట్టేవారు. అందుకే మాలో వీరభద్రాలకు కరువు లేదు. భీమవరంలో మా పేటలోనే ఇద్దరం ఉండేవాళ్లం. ఒకరు నాటకాలకు హార్మోనియం వాయించే వీరభద్రం గారు. రెండోవాణ్ని నేను, కాలువ లాకుల దగ్గర నీటి తలుపులు ఎత్తీ దించీ రిటైరై, ఇప్పుడు పత్రికలకు యాత్రలు రాసుకుంటున్నవాణ్ని. పేరు చెప్పగానే "హార్మోనియం ఆయనా?" అని ఎదుటివాళ్ల మొహాలు వెలిగేవి. "కాదండి, లాకులు" అనగానే ఆరిపోయేవి.

ఐదేళ్ల క్రితం తణుకు అవతల ఒక ఊరి నాటక సంఘం వారు సన్మానానికి కారు పంపారు. కారు కాదు, ఆటో. "వీరభద్రం గారిల్లు ఇదేనాండీ?" అన్నాడు డ్రైవరు. ఇదేనన్నాను. అబద్ధం కాదు కదా! హార్మోనియం వాయించేవారు జనానికి వీపు పెట్టి కూర్చుంటారు. నా వీపూ ఆయన వీపూ ఒకే కొలత. దండ వేశారు, శాలువా కప్పారు. ఆ తరవాత హార్మోనియం తెచ్చి నా ముందు పెట్టారు. "కుడిచెయ్యి లేవడం లేదండీ" అన్నాను. సభంతా అయ్యో అంది. ఒక ముసలావిడ నువ్వులనూనె వేడిచేసి తెచ్చి మోచేతి దాకా రాసింది.

ఐదూ నలభైకి నిడదవోలు పాసింజరు. మా బోగీలో ఏడుగురు వీరభద్రాలున్నారు. సరే, ఇద్దరం. ఎదురుగా ఇటుకంత సెల్ ఫోనులో "హలో, మేత వీరభద్రాన్ని" అని అరుస్తున్నాయన రొయ్యల మేత వ్యాపారి. జిల్లాలో ఆయన మేత వెళ్లని చెరువు లేదట. ఎక్కడికని అడిగితే, హార్మోనియం వీరభద్రం గారిని చూడ్డానికన్నాను.

"ఆయన పని అయిపోయిందిగా అండీ! చెయ్యి పడిపోయిందట. తణుకు వైపు ఏదో సభలో అసలు లేవనే లేదట. అప్పట్నుంచి ఎవరూ పిలవట్లేదు. ఇల్లు ఖాళీ చేసి పట్టిసీమ వెళ్లిపోయింది అందుకే."

"మీరు చూశారేంటి?"

"చూసినోళ్లు చెప్పారండి. ఎవరో ముసలావిడ నూనె కూడా రాసిందట."

అంతవరకు నేను తిరిగివ్వాల్సింది శాలువా ఒక్కటే అనుకున్నాను. నిడదవోలులో ఏడున్నరకు దిగి ఇడ్లీ కొన్నాను గాని తినబుద్ధి కాలేదు. నాలుగే తిన్నాను.

అక్కణ్నుంచి కొవ్వూరు, కొవ్వూరులో పోలవరం బస్సు. పక్క సీటులో కంటికి పచ్చ గుడ్డ కట్టుకున్న పెద్దావిడ. "కొవ్వూరు కళ్ల డాక్టరు వీరభద్రం గారు ఆపరేషను చేశారు బాబూ. దేవుడే. ఆ పేరున్నోళ్లు ఒకళ్లకి కీడు చెయ్యరు" అంది. నేను కిటికీలోంచి అరటితోటలు చూస్తూ కూర్చున్నాను.

పదిన్నరకు పట్టిసీమ రేవు. లాంచీలో లంక మీదికి దాటి, ఇసుకలో నడిచి, కొండెక్కి దర్శనం చేసుకున్నాను. జరిగిందంతా స్వామికి విన్నవించుకున్నాను. స్వామి ఏమీ అనలేదు. అనవలసినాయన ఒడ్డున ఉన్నారు.

తిరిగి ఒడ్డుకు దాటాక, ఆయన ఇల్లు ఎక్కడని ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. వీధి మలుపులోనే హార్మోనియం వినిపించింది. గుమ్మంలో నన్ను చూసి, "లాకుల వీరభద్రం గారా! రండి రండి. భీమవరంలో మీ ఉత్తరాలు నాకొస్తుంటే ఆ పూటే పంపించేసేవాణ్ని, అందేవా అండీ?" అన్నారు.

శాలువా ఆయన ఒళ్లో పెట్టి మొత్తం చెప్పాను. ఈసారి ఏమీ కలపలేదు. ఆయన హార్మోనియం మెట్ల మీంచి వేళ్లు తీశారు.

"ఏ చెయ్యి అన్నారు?"

"కుడిదండి."

"ఎడమదన్నా బాగుండేదండీ. దాంతో తిత్తి ఊదడమేగా, ఎవరో ఒకరు ఊదిపెట్టేవారు." నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. "ఈ పెట్టె నాటకానికని గుమ్మం దాటి ఐదేళ్లయింది."

అప్పుడే ఆయన భార్య కాఫీ తెచ్చి, నన్ను ఎగాదిగా చూసి, "అయితే ఆ నూనె రాయించుకుంది తమరాండీ!" అంది. దాంతో ఆయన పకపకా నవ్వారు. నాకు ఊపిరొచ్చింది.

"శాలువా ఉంచుకోండి. అవి నాకు బోలెడున్నాయి. నా చెయ్యి నాకిచ్చేయండి."

"ఎలాగండీ?"

"పత్రికల్లో యాత్రలు రాస్తారుగా. చదువుతుంటాను. కొన్ని నమ్ముతాను కూడా. ఇది మాత్రం ఉన్నదున్నట్టు రాయండి. ముందు వినండి."

మూడు గంటలు వాయించారు. కాదు, గంటంబావు. గడియారం చూసుకున్నాను, ఈ ఒక్కటీ తప్పు రాయకూడదని. కుడిచేతి వేళ్లు మెట్ల మీద వానచినుకుల్లా పడ్డాయి. మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు. ఇందులో నేను కలిపింది లేదు.

సాయంత్రం పాసింజరులో చలేసి శాలువా కప్పుకున్నాను. చలేమీ లేదు. "సన్మానమాండీ? తమ పేరు?" అన్నాడు పక్కాయన. చెప్పాను.

"హార్మోనియం ఆయనా?"

"కాదండి, లాకులు. ఆయన పట్టిసీమలో ఉన్నారు. చెయ్యి బ్రహ్మాండంగా ఉంది. ఇప్పుడే విని వస్తున్నాను."

ఈసారి ఆ మొహం ఆరిపోలేదు. "ఎప్పుడు వెళ్తే వినొచ్చండీ?" అన్నాడు.

అందరికీ అదే చెబుతున్నాను. కొవ్వూరులో పోలవరం బస్సెక్కి రేవు దగ్గర దిగండి, మలుపులో వినిపిస్తుంది. ఉత్సవాలకు పిలిచేవారు కవరు మీద పేరుకు ముందు హార్మోనియం అనీ, కింద పట్టిసీమ అనీ మరవకుండా రాయండి. భీమవరం అని రాశారంటే ఆటో మా ఇంటికే వస్తుంది. నేను ఎక్కను. శాలువా ఎంత మంచిదైనా ఎక్కను. బహుశా ఎక్కను.