తాళం వేసిన అల్మారాలో రైఫిల్‌కు బొట్టు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. కృష్ణా జిల్లాలో చదువుకునే రోజుల నుంచీ నిప్పుల మీద నడిచే బాబాలను వేదిక మీదే నిలదీసినవాణ్ణి. వాళ్ళ నిప్పుల మీద నేనూ నడిచి, ఇందులో మహిమ ఏమీ లేదని చూపించినవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేదాన్నీ మహిమ అని ఒప్పుకోను. కానీ నాకు అనుకూలం కాని భాగాన్ని దాచిపెడితే ఆ బాబాలకూ నాకూ తేడా ఉండదు.

ఖతర్‌లో ఒక సంపన్నుడి పాత వస్తువుల సేకరణను చూసుకోవడం నా ఉద్యోగం. గిడ్డంగి అల్ వుకైర్‌లో ఉంది. మరమ్మతుల గదిలో నాతో పనిచేసేవాడు గంగారాం, జగిత్యాల వైపు వడ్రంగి.

నిరుడు ఒక రైఫిల్ వచ్చింది. నూరేళ్ళు దాటిన సైనిక తుపాకీ, ఇప్పుడు పేలదు. కింది మీట లాగితే తూటా గది తెరుచుకునే రకం. ఒళ్ళంతా తుప్పు. ఈ రకానికి బజారు కొలుముల్లో తయారైన నకళ్ళు కోకొల్లలు. ఎక్కడా ముద్ర లేదు కనుక ఇదీ నకలేనని, దాన్ని మాకు అమ్మిన బేరగాడే తేల్చేశాడు. మా అర్బాబ్, అంటే యజమాని, దాన్ని బాగా రుద్దించి, క్రోమ్ పూత వేయించి, అతిథుల గది గోడకు తగిలిస్తానన్నాడు.

నాకు మనసొప్పలేదు. గొట్టం లోపలి మెలి గాడులు, మరమేకుల కోత బజారు పనిలా లేవు. అసలుదే అయితే, సైన్యం పరీక్ష కోసం కొద్దిగా మాత్రమే చేయించిన తొలి రకం అది. ఒకసారి రుద్దితే ఆ సంగతి ఇంకెవరూ ఎప్పటికీ తేల్చలేరు.

"ముద్ర చూపించు. గురువారం దాకా ఆగుతాను. ఆ తర్వాత ఖలాస్" అన్నాడు అర్బాబ్.

మూడు రోజులు భూతద్దంతో వెతికాను. తుప్పు తప్ప ఏమీ కనబడలేదు.

బుధవారం దసరా. పొద్దున టీ తాగే వేళకు గంగారాం ఆయుధపూజ మొదలుపెట్టాడు. రంపానికి, ఉలికి, డ్రిల్లింగ్ మెషీన్‌కు, చివరికి నా భూతద్దానికి కూడా ఉంగరపు వేలితో గుండ్రటి బొట్లు పెట్టాడు. నేను మండిపడ్డాను.

"బొట్టు పెడితే ఉలికి పదునెక్కుతుందా గంగారాం?"

"పదును కోసం గాదు సార్. ఏడాదంత అన్నం పెట్టింది. ఒక్కసారి దండం పెడ్తే మీ సొమ్మేం బోతది?"

రైఫిల్ జోలికి మాత్రం వెళ్ళొద్దన్నాను. అది గాజు అల్మారాలో ఉంది. పొద్దున పూజకు ముందే దాన్ని అన్ని వైపులా చూసి నేనే తాళం వేశాను. తాళంచెవి నా జేబులో ఉంది.

మధ్యాహ్నం రెండింటికి అల్మారా తెరిచి రైఫిల్ బయటికి తీశాను. గోడవైపు ఉన్న ఎడమ పక్కన, తూటా గది మీద, కుంకుమ. గుండ్రటి బొట్టు కాదు. బొటనవేలితో పైకి లాగిన వెడల్పాటి గీత.

గంగారాం మీద అరిచాను. అతను వెనక్కి తగ్గలేదు.

"నేను పెట్టలే సార్. పెడ్తే పెట్టిన్ననే చెప్త, నాకేం భయం? చావి మీ జేబుల్నే ఉండె గదా!"

రైఫిల్‌ను వెలుతురు వైపు తిప్పాను. ఆ ఎరుపులో గీతలు కనిపిస్తున్నాయి. ఒక కిరీటం. దాని కింద అక్షరాలు. తుప్పు తినగా మిగిలిన సన్నటి గాట్లలో కుంకుమ పొడి నిలిచి ముద్రను బయటపెట్టింది. ఇందులో వింత లేదు. ఏ మెత్తటి పొడి అయినా ఆ పని చేస్తుంది. మూడు రోజులూ అది నాకు తట్టకపోవడం నా తెలివితక్కువతనం.

ఆ కుంకుమ లోపలికి ఎలా వెళ్ళిందన్నదే వేరే ప్రశ్న. పొద్దుటి నుంచి రెండింటి దాకా కెమెరా రికార్డింగును ముందుకు జరపకుండా కూర్చుని చూశాను. అల్మారా తలుపు ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. తలుపు చుట్టూ రబ్బరు ఉంది, దుమ్ము కూడా దూరదు. గీత చివర వేలిముద్ర ఉంటే ఫోటో తీసి నా వేళ్ళతో, గంగారాం వేళ్ళతో, నేపాలీ వాచ్‌మన్ వేళ్ళతో పోల్చాను. గదిలోకి వచ్చేది మేం ముగ్గురమే. ఎవరిదీ కలవలేదు.

గురువారం తొమ్మిదింటికి పూత వేసేవాళ్ళ వ్యాన్ వచ్చేసింది. నేను ముద్ర ఫోటోను, పాత సైనిక రైఫిళ్ళ పుస్తకంలోని తొలి రకం ముద్ర బొమ్మను పక్కపక్కన పెట్టాను. అర్బాబ్ కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూశాడు. బేరగాడికి ఫోన్ చేశాడు. ముద్రలోని అక్షరాలు చదివి వినిపించాడు.

"యల్లా, ఇక కానివ్వండి, వ్యాన్ వెనక్కి పంపండి" అన్నాడు అర్బాబ్.

క్రోమ్ లేదు, రుద్దడం లేదు. తుప్పు పెరగకుండా ఆపి, పలచగా నూనె రాసి, దెబ్బలను దెబ్బలుగానే ఉంచాలన్న నా మాట నెగ్గింది. ఎన్నో చర్చల్లో గెలిచాను గాని, ఇంత ఆనందం ఎన్నడూ లేదు.

గంగారాం ఊరుకుంటాడా? "దయ్యం లేదంటిరి, దేవుడు లేడంటిరి. మరి బొట్టెవరు పెట్టిండ్రు సార్, మీ లాజిక్ పెట్టిందా?"

నవ్వాను. రిజిస్టర్ ముందుకు లాక్కున్నాను.

సేకరణ రిజిస్టర్‌లో ప్రతి వస్తువుకూ, దాన్ని ఎలా గుర్తించారో రాయడానికి ఒక గడి ఉంటుంది. ఈ రైఫిల్ ఎదుట ఇలా రాసి సంతకం చేశాను: "కుంకుమ పొడి వల్ల ముద్ర బయటపడింది. పెట్టినది ఎవరో తెలియదు."