రంగు పోదని నేను చెప్పిన జీన్స్

అది 2022వ సంవత్సరం. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్టేషన్ వెనక సందులో నాకో చిన్న బట్టల షాపు ఉంది. ఎక్కువగా జీన్స్, కొద్దిగా చొక్కాలు. పద్దెనిమిదేళ్లుగా ఇదే నా బతుకుతెరువు. ఇన్నేళ్లలో దాదాపు ప్రతి ఒక్కరూ నన్ను అడిగిన ప్రశ్న, రంగు పోతదా అని. ఆలోచించకుండానే నా నోట్లోంచి వచ్చే జవాబు, పోదు అని. సందులో ఏ షాపులోనైనా అదే మాట. దాన్ని అబద్ధం అని మేమెవరం అనుకోలేదు, వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చినంత మామూలుగా చెప్పేవాళ్లం.

ఆ ఏడు మొదటిసారి రా డెనిమ్ తెచ్చాను. మామూలు జీన్స్‌ను ఫ్యాక్టరీలోనే ఉతికి మెత్తబరిచి పంపుతారు. రా డెనిమ్‌ను అలా ఉతకరు. మగ్గం దిగిన బట్టను ఉన్నదున్నట్టు కుట్టేస్తారు. తొడుక్కుంటే అట్టముక్కలా బిరుసుగా ఉంటుంది. నీలం రంగు ఇంకా దారం పైపైనే ఉంటుంది కాబట్టి వాడినకొద్దీ మోకాళ్ల దగ్గర, జేబుల దగ్గర వెలిసిపోతుంది. దాన్ని ఫేడింగ్ అంటారు. కుర్రాళ్లకు దాని మీదే మోజు. అంటే రంగు పోవడం కోసమే కొనే బట్ట అది.

ఇదంతా నాకు తెలియదని చెప్పుకునే వీలు కూడా లేదు. మాది పోచంపల్లి దగ్గర నేత కుటుంబం. మా నాయన నూలుకు రంగులద్దేవాడు. నీళ్లు తేటబడేదాకా నూలును జాడించి, తెల్లగుడ్డతో అదిమి చూసేవాడు. గుడ్డకు ఏమాత్రం అంటినా మళ్లీ జాడించాల్సిందే. ఆ ఇంట్లో పుట్టి నేను చేసిన పని ఇది.

ఒకరోజు మధ్యాహ్నం ఎల్బీనగర్ నుంచి ఒక మేడమ్ వచ్చారు. గుంటూరు వైపు వాళ్లు, భర్త కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతారు. కొడుకు పుట్టినరోజుకు రా డెనిమ్ కావాలన్నాడట, ఫోన్‌లో ఫోటో చూపించారు. వెంట వాళ్లింట్లో పనిచేసే యాదమ్మ సంచులు పట్టుకుని వచ్చింది. యాభై దాటిన మనిషి. మేడమ్ చొక్కాల వైపు వెళ్లగానే యాదమ్మ ఆ జీన్స్‌ను వేళ్ల మధ్య నలిపి చూసింది.

"సేటూ, గిది రంగు పోతదా? ఉతికేది నేనే. జర నిజం చెప్పు" అంది.

"పోదమ్మా, ఫికర్ చెయ్యకు" అన్నాను.

రెండు వారాలకు మేడమ్ మళ్లీ వచ్చారు. కౌంటర్ మీద సంచి గుమ్మరిస్తే సారు వేసుకునే లేత రంగు చొక్కాలు నాలుగు, అన్నిటి మీదా నీలం మరకలు. యాదమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. కొత్త బట్టలను మొదటిసారి విడిగా నానబెట్టడం ఆమె అలవాటట. ఈసారి మాత్రం షాపాయన పోదన్నాడని మిగతావాటితోనే బకెట్లో వేసిందట.

"మీరు రంగు పోదని చెప్పారని ఈవిడ అంటోంది. నిజంగా అలా అన్నారాండీ?" అని మేడమ్ అడిగారు.

షాపులో ఇంకో ఇద్దరు జీన్స్ చూస్తున్నారు. వాళ్ల చేతుల్లో ఉన్నదీ రా డెనిమే. అవునని ఒక్క మాట అంటే సరిపోయేది.

"లేదు మేడమ్. విడిగా ఉతకాలని మంచిగ చెప్పిన. ఆమె మరిచిపోయినట్టున్నది" అన్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. నా మాట నిజమని నమ్మించడానికి అక్కడే పాఠం మొదలుపెట్టాను. వీలైనన్ని నెలలు ఉతక్కుండా తొడగాలి. ఉతికేటప్పుడు తిరగేసి, బొత్తాలు పెట్టి, ఒక్కదాన్నే చల్లనీళ్లలో ముంచాలి. సబ్బు పొడి చిటికెడు చాలు. బ్రష్ వద్దు, బండ మీద బాదొద్దు, పిండొద్దు, నీడలో నడుము దగ్గర క్లిప్పులు పెట్టి ఆరేయాలి. పొల్లు పోకుండా అంతా చెప్పాను. యాదమ్మ అడిగిన రోజు చెప్పాల్సిన మాటలన్నీ ఆమెను అబద్ధాలకోరును చెయ్యడానికి వాడుకున్నాను. మేడమ్ తలూపుతూ విన్నారు. యాదమ్మ గుమ్మంలోంచే నా వైపు చూసింది, తర్వాత కౌంటర్ దగ్గరికొచ్చి చొక్కాలు మడతపెట్టి సంచిలో సర్దింది. నేను ర్యాక్ వైపు తిరిగి, సర్దిన బట్టలనే మళ్లీ సర్దాను.

నెల తర్వాత మేడమ్ బెల్టు కోసం వచ్చి, మాటల్లో యాదమ్మను మాన్పించేశామని చెప్పారు. బట్టలు పాడైనందుకు కాదట, ఎదురుగా నిలబడి అబద్ధమాడినందుకట. అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. బెల్టుకు ఇంకో చిల్లు వేసి ఇచ్చి పంపించాను.

ఆ సంగతి మా ఆవిడతో, వ్యాపారమన్నాక తప్పదు అన్న ధోరణిలో చెప్పాను. ఆమె, "గామె నిన్ను నమ్మి అడిగింది గద. నీకు గా పూట బువ్వ ఎట్ల దిగింది?" అంది. నిజం చెప్పాలంటే ఆ పూట శుభ్రంగానే తిన్నాను. అది గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను.

మర్నాడు ఎల్బీనగర్‌లో మేడమ్ వాళ్ల ఫ్లాట్‌కు వెళ్లి, ఆ రోజు అబద్ధమాడింది నేనే అని చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది. "ఇప్పుడు కొత్తమ్మాయిని పెట్టుకున్నామండీ. మళ్లీ యాదమ్మను పిలవాలంటే నాకే ఏదోలా ఉంటుంది" అన్నారు. ఆమెను తప్పుపట్టే మొహం నాకెక్కడిది? యాదమ్మ ఇల్లెక్కడో కనుక్కుని అల్మాస్‌గూడకు బండి తిప్పాను.

యాదమ్మ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నన్ను చూసి లేవబోయింది. లేవొద్దని చెప్పి, తప్పు నాదేనని, మేడమ్‌కు కూడా చెప్పి వచ్చానని అన్నాను. ఇంకెక్కడైనా పని చూస్తానన్నాను. రెండిళ్లు దొరికినయ్, ఏం వద్దు అంది. నేను ఇంకా అక్కడే నిలబడి ఉంటే తల ఎత్తకుండానే మాట్లాడింది.

"పదకొండేండ్లు గా ఇంటి తాళాలు నా తాన్నే ఉండె. ఏనాడు నా మాటకు సాక్ష్యం అడగలే. ఒక్కపారి అడిగిండ్రు సేటూ. నిన్నే అడిగిండ్రు."

చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది.

ఇప్పుడు రా డెనిమ్ కొనేవాళ్లకు ఎలా ఉతకాలో ముందే చెబుతాను. కొందరు వద్దని వెళ్లిపోతారు, కొందరు మెచ్చుకుంటారు. మెచ్చుకున్నప్పుడే నాకు ఎక్కువ సిగ్గేస్తుంది. నిజం చెప్పాల్సిన సమయం ఆమె గుమ్మంలో నిలబడి నా వైపు చూసినప్పుడే ఉండింది. ఆ తర్వాత నేను ఎక్కడికెళ్లి చెప్పినా అది నా మనసు తేలిక చేసుకోవడానికే తప్ప ఆమెకు ఎందుకూ పనికిరాలేదు. నా మనసు కూడా తేలికపడలేదు.