బ్లాక్‌టౌన్ పెరట్లో పాలరాతి తాత

మా చిన్ని చిన్నప్పుడు... పొద్దున్నే నా పూజ పళ్ళెంలోంచి ఒక పువ్వు, చిటికెడు కుంకుమ పట్టుకుని పెరట్లోకి పరుగెత్తేది. అక్కడ నిమ్మచెట్టు పక్కన దిమ్మె మీద, ఛాతీ వరకే చెక్కిన పాలరాతి మనిషి. ఎప్పటివాడో ఒక బ్రిటిష్ ప్రధాని. ఆయన నుదుట కుంకుమ పెట్టి "గుడ్ మార్నింగ్ తాతా" అనేది.

అవి వైటూకే రోజులు... రెండువేల సంవత్సరం వచ్చేలోగా కంప్యూటర్లన్నీ సరిచెయ్యాలన్న హడావుడి. మావారికి శని, ఆదివారాలు కూడా ఆఫీసే. పరాయి దేశంలో, బ్లాక్‌టౌన్ అనే ఊళ్ళో అద్దె ఇల్లు... అసలు తాతలిద్దరూ ఇండియాలో. నాలుగేళ్ళ పిల్ల ఆ రాతినే తాత అనుకుంది.

ఒక శనివారం ఇంటి ఓనరు కెవిన్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ నవ్వుతూ పలకరించేవాడు. ముందురోజే వాళ్ళ నాన్న అంత్యక్రియలు అయ్యాయి. ఆ రోజు పలకరించలేదు. చేతిలో సమ్మెట... తిన్నగా పెరట్లోకి నడిచాడు.

మొదటి దెబ్బకు విగ్రహం ముక్కు పోయింది. రెండో దెబ్బకు దవడ...

"అమ్మా! తాతని కొడుతున్నాడు!" చిన్ని అడ్డంగా పరుగెత్తింది. ఎగిరిన రాతిపెంకు కనుబొమ్మను కోసింది. ముఖమంతా నెత్తురు.

ఏనాడూ గొంతెత్తని నేను, ఆ సమ్మెట కాడ పట్టుకుని తెలుగులోనే అరిచాను. "మనిషివా నువ్వు? పసిపిల్లరా!"

నెత్తురు చూసి కెవిన్ సమ్మెట వదిలేశాడు. "సారీ లవ్... సారీ..." అంటూ, 'తల్లీ' అన్నట్టుగా చిన్నిని చూస్తూ గడ్డిలో కూలబడ్డాడు. నేను కొంగు అదిమి చూశాను. కంటికి తగల్లేదు, అమ్మవారి దయ.

కాసేపటికి చెప్పాడు... చిన్నప్పుడు ఈ ఇంట్లోనే వాళ్ళ నాన్న తనని ఈ విగ్రహం ముందు మోకాళ్ళ మీద నిలబెట్టి, ఈ ప్రధాని ఉపన్యాసాలు అప్పజెప్పించేవాడట. మాట మరిచినప్పుడల్లా బెల్టు. ఏడిస్తే ఇనప బకిల్ ఉన్న వైపుతో.

విగ్రహం విరగ్గొడితే పాపమని నమ్మేదాన్ని. ఆ పాపమేదో నాకే రానీ అనుకుని... సమ్మెట ఎత్తి అతని చేతికిచ్చాను.

"వద్దమ్మా! ఎందుకిస్తున్నావ్!" చిన్ని నా చెయ్యి కొరికింది. ఎత్తుకుని లోపలికి వెళ్ళి తలుపేశాను. బయట దెబ్బలు... దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆ పెద్దమనిషి ఏడుపు.

ఇప్పుడు కాలం మారింది. పిల్లల మీద చెయ్యెత్తితే పక్కింటివాళ్ళు కూడా ఊరుకోరు, మంచిదే. మనం మాత్రం గోడకుర్చీలు, కోదండాలు, బెత్తం దెబ్బలు ఇక్కడ, మన చిన్ననాటి కబుర్ల గ్రూపులో నవ్వుతూ రాసుకుంటాం... "ఆ రోజులే వేరు" అంటాం.

అవి తలుచుకుంటే నవ్వు రానివాళ్ళూ మనలో ఉంటారు కదా... మీరూ రాయండి. నేను చదువుతాను.