రమ్మని రాసిన ఉత్తరం

పోలీసు చర్య జరిగిన ఏడాది నేను సికింద్రాబాద్‌లో ఒక మిషన్ ట్రెయినింగ్ స్కూల్లో టీచర్ని. పల్లె బడుల్లో పనిచేసే ఆడ టీచర్లకు సెప్టెంబరులో మా ఆవరణలోనే మూడు రోజుల సభ పెట్టారు. వేదిక మీద మాట్లాడేది ప్రిన్సిపాలమ్మ. వచ్చిన టీచర్లు తలా ఒక పాఠం చెప్పి చూపించాలి. ఉత్తరాలు రాయడం, మంచాలు, బియ్యం, నీళ్ల కాగులు సమకూర్చడం నా వంతు.

మా దగ్గరే చదువుకుని వరంగల్ వైపు పల్లెలో బడి నడుపుతున్న ఒక చిన్న టీచరు జవాబు రాసింది: "అక్కా, ఇక్కడ రోజులు మంచిగ లేవు. రజాకార్లు ఊళ్ల మీద పడి కొడుతున్నరు. నేను రాకుంటే ఏమన్న అనుకుంటరా?"

అప్పటికే సగంమంది రాలేమని రాశారు. సభ పలచబడితే మాట పడేది నేను. ఆ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. "భయమేం లేదు, తప్పక రా" అని రాసి పోస్టు డబ్బాలో వేశాను.

ఆమె బయల్దేరిన రోజే భారత సైన్యం సరిహద్దు దాటింది. రైళ్లు ఆగిపోయాయి. తంతి ఆఫీసులో నా టెలిగ్రాం తీసుకోలేదు. ప్రిన్సిపాలమ్మ "సభ వాయిదా" అని ఒక్క మాట అని లోపలికి వెళ్లిపోయింది. నేను రోజూ స్టేషన్‌కు వెళ్లి ఖాళీ పట్టాలు చూసి వచ్చేదాన్ని. మా వంటామె భర్త లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనివాడు. ఆగిన రైళ్ల సంగతి అతన్ని అడిగితే, "ఏ ఖబర్ లేదు టీచరమ్మా, జెర ఓపిక పట్టుండ్రి" అనేవాడు.

నిజాం లొంగుబాటు వార్త రేడియోలో వచ్చిన సాయంత్రం వీధంతా జనం. నేను తలుపు వేసుకుని కూర్చున్నాను.

రైళ్లు నడవగానే ఆమె తండ్రి వచ్చాడు. చేతిలో నా ఉత్తరం.

"నా బిడ్డ ఏదమ్మా? నువ్వు రమ్మంటెనే వచ్చింది గద."

"ఇక్కడికి చేరలేదయ్యా. రానంటే నేనే బలవంతం చేశాను."

ఆయన తిట్టలేదు. అరుగు మీద కూలబడ్డాడు. ఆ రోజే ఇద్దరం రైలెక్కి, ప్రతి స్టేషన్‌లో దిగి అడుగుతూ పోయాం. రెండో రోజు ఒక చిన్న స్టేషన్‌లో పట్టాలు చూసుకునే గ్యాంగ్‌మన్, "బండి ఆగిననాడు దిగింది. జరమొచ్చి మా ఇంట్లనే పన్నది" అన్నాడు.

రేకుల ఇంట్లో చాప మీద ఉంది. గుర్తుపట్టలేనంత చిక్కిపోయింది. నన్ను చూసి లేవబోయింది.

"మీటింగ్ అయిపోయిందా అక్కా? నేను చెప్పే పాఠం రాసుకొని తెచ్చిన. వానకు నానింది."

తండ్రి ఆమె తల ఒళ్లోకి తీసుకున్నాడు.

ఆమె కోలుకుంది. చలికాలంలో సభ మళ్లీ పెట్టారు. ఉత్తరాలు రాసే పని ఇంకెవరికైనా ఇమ్మన్నాను.